కొండబాటను శుభ్రపరచుట ఎట్లు?

హైదరాబాదులో మూసీనది ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌కు పొరుగున, ఉస్మాన్‌గంజ్ అను టోకు బజారు కలదు. ఇచ్చటికి సరకు బస్తాలలో వచ్చును, బస్తాలలోనే పోవును. బండి వచ్చి ఆగగానే మూడు పనులు జరుగును. హమాలీ గోనెబస్తాను దింపును. దానిని కాటామీద తూచుదురు. గుమాస్తా ఆ బరువును చిట్టాలో వ్రాయును. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినను ఆనాటి వ్యాపారము లెక్కకు రాదు.

గోనె, కాటా, చిట్టా - ఈ మూడింటికిని బజారులోనే కాక కొండమీదను పని యున్నది. రోడ్డు విడిచి, రాళ్లును గుంటలును ఏటవాలును గల మట్టిబాటలపై సైకిలునో మోటారు సైకిలునో నడుపుట నేడు నగర యువకులకు ప్రియమైన వినోదముగా మారినది. ఆదివారము తెల్లవారుజామున బండ్లు తీసికొని నగరము వెలుపలి కొండలవైపు పోవువారు చాలమంది కలరు. ఇది శరీరమునకు మంచి వ్యాయామము. తూకము తప్పక నిలుచుటను, క్షణములో నిర్ణయము చేయుటను నేర్పును. అయితే బండ్లు పోయిన బాటవెంట నీళ్ల సీసాలు, తినుబండారముల కవర్లు, చినిగిన ట్యూబులు, అరిగిన టైర్లు మిగులుచున్నవి. దీనిని చూచి బాధపడినవారే ఒక దినము నిర్ణయించుకొని, పదిమందిని కూడగట్టి, బాటను శుభ్రము చేయబూనుదురు.

ఇట్టి దినములు పెక్కు ఒకే విధముగ ముగియును. మధ్యాహ్నమునకు నిండిన సంచులు కొండ పాదమున గుట్టగా నిలుచును. అందరును సంతోషముతో ఇండ్లకు పోవుదురు. సంచులు మాత్రము అచ్చటనే యుండును. కుక్కలు వానిని చించును, గాలి చెదరగొట్టును, తొలివాన మిగిలిన పని పూర్తిచేయును. అట్టి దినమున చెత్త స్థలము మారినదే కాని బాట శుభ్రపడలేదు. చెత్తను కదల్చుటకును బాటను శుభ్రపరచుటకును గల భేదము ఏమి? ఆ భేదము తెలియవలెనన్నచో ముందు బాటను గూర్చియు నీటిని గూర్చియు కొంత తెలియవలెను.

కొండకును బజారుకును గల సంబంధము

ఉస్మాన్‌గంజ్ ప్రక్కన పారు మూసీనది అచ్చటికి పడమరగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున, వికారాబాదు సమీపములోని అనంతగిరి కొండలలో పుట్టినది. అది తూర్పుగా పారి గండిపేట వద్ద ఉస్మాన్‌సాగరులో చేరును. అటుపిమ్మట నగరము నడుమగా సాగి, నల్లగొండ జిల్లాలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. నగరమునుండి బండ్లపై పోవువారిని ఆకర్షించు ప్రదేశములలో అనంతగిరి పరిసరములు ముఖ్యమైనవి. అనగా, ఉస్మాన్‌గంజ్‌నుండి బయలుదేరిన యువకుడు తన బజారు ప్రక్కనుండి పోవు నదియొక్క పుట్టినింటికే విహారమునకు పోవుచున్నాడు.

ఎగువన జరుగునది దిగువవారికి ఎంత ముఖ్యమో హైదరాబాదు 1908 సెప్టెంబరు 28న తెలిసికొన్నది. ఆనాటి మూసీ వరదలో నదికి రెండు ఒడ్డులనున్న పేటలు కొట్టుకొనిపోయినవి, వేలమంది మరణించిరి. అఫ్జల్‌గంజ్‌లో, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనున్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొన్నారని ప్రతీతి. ఆ పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి ఎగువన జలాశయములు నిర్మింపబడినవి. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. అయినను నదిని మరచుటకు వీలులేదు. 2025 సెప్టెంబరు చివరి వారములో మూసీ నీరు పొంగి, ఉస్మాన్‌గంజ్‌కు దగ్గరనేయున్న మహాత్మాగాంధీ బస్సు స్టేషనులో ప్రవేశించినది.

ఉస్మాన్‌సాగరులో పట్టు నీరు 3.9 శతకోటి ఘనపుటడుగులని నిర్మాణకాలపు లెక్క. ఎగువనుండి నీటితోబాటు మట్టియు వచ్చును. నీరు ముందుకు పోవును. మట్టి అడుగున నిలిచిపోవును. నిలిచిన మట్టి ఎంతో, నీటికి తగ్గిన చోటు అంతయే. కొండబాట కోసుకొనిపోవుట ఆ కొండకు మాత్రమే సంబంధించిన విషయము కాదనుటకు ఈ యొక్క కారణము చాలును.

బాట ఎట్లు చెడును?

అనంతగిరి ప్రాంతమున అడుగునయున్నది దక్కను లావారాయి. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమునుండి పొంగి గట్టిపడిన రాయి అది. దానిపై ఎండవానలకు లోనైన పైపొర లేటరైటు అను ఎర్రరాయిగా, ఎర్రమట్టిగా మారినది. అడవినేలలో ఈ మట్టిని మూడు వస్తువులు కాపాడుచుండును: పైన చెట్లకొమ్మలు, నేలమీద రాలిన ఆకులు, నేలలోపల వేళ్లు. వాన మొదట కొమ్మలమీద, తరువాత ఆకులమీద పడి, తన ఊపును కోల్పోయి, మెల్లగా నేలలో ఇంకును.

బండి చక్రము ఒకేచోట పలుమారులు తిరిగినపుడు రెండు మార్పులు కలుగును. మొదటిది, చక్రము క్రింద మట్టి అణగిపోవును. మట్టిరేణువుల నడుమ గాలికిని నీటికిని ఉండు సందులు మూసికొనిపోవును. ఆ నేలలో నీరు ఇంకక పైననే పారును. రెండవది, ఏటవాలుపై చక్రము జారుచు తిరిగినచో పైపొర చిరిగి, పొడవైన చాలు ఏర్పడును. వాన వచ్చినపుడు ఈ చాలు బాట కాదు, కాలువ.

ఒక చిన్న లెక్క వేయుదము. ఒక మీటరు వెడల్పు, 100 మీటర్ల పొడవుగల బాటపై 10 మిల్లీమీటర్ల వాన కురిసినదనుకొందము. ఆ ముక్కపై పడిన నీరు 1000 లీటర్లు, అనగా ఒక టన్ను. ఇంకుటకు చోటులేని ఆ నీరు చాలు వెంబడి వేగముగ దిగును. ప్రవాహవేగము రెండింతలైనచో అది దొర్లించుకొనిపోగల రాతి బరువు సుమారు 64 రెట్లు పెరుగునని భూవిజ్ఞానుల లెక్క. కావుననే, మెల్లగా పారునపుడు దుమ్మును మాత్రము కదల్చు నీరు, వేగము హెచ్చగానే గులకరాళ్లను సైతము పెకలించును.

ఆ 100 మీటర్లలో చాలు 20 సెంటీమీటర్ల వెడల్పున, 5 సెంటీమీటర్ల లోతున కోసుకొనిపోయిన పక్షమున పోయిన మట్టి ఒక ఘనపు మీటరు. దాని బరువు సుమారు ఒకటిన్నర టన్ను. ఉస్మాన్‌గంజ్ భాషలో చెప్పవలెనన్న, 50 కిలోల బస్తాలు ముప్పది! చూచుటకు అయిదు సెంటీమీటర్ల గాడియే. తూచినచో లారీలో వేయదగిన సరకు.

మంచి బాటకు ఏటవాలున అక్కడక్కడ అడ్డముగ చిన్న గండ్లు ఉండును. నీరు చాలు వెంబడి బలము పుంజుకొనకముందే ఈ గండ్లద్వారా ప్రక్కనున్న గడ్డిలోనికి మళ్లిపోవును. ఒక్క ప్లాస్టిక్ కవరు గండికి అడ్డముపడి, దానివెనుక ఆకులు, మట్టి చేరిన చాలును - ఆ గండి మూసికొనిపోవును. నీరు తిరిగి బాటనే పట్టును. ప్లాస్టిక్ కలిగించు చెరుపులలో కంటికి కానరానిది ఇది. కాబట్టి శుభ్రతాదినమున మొదట చూడవలసినవి అందరి కంటబడు సీసాలు కావు. నీరు బయటికి పోవు గండ్లు.

ఏది చెత్త?

తెలుగులో చెత్త యను మాటకు రెండర్థములు కలవు. చెట్టునుండి రాలిన ఆకు, పుల్ల, బెరడు చెత్తయే. మనుష్యుడు పారవేసిన కాగితము, సీసా, గుడ్డయు చెత్తయే. ఇంటిముంగిట ఈ రెండును ఒకే చీపురుక్రింద పోవును. కొండమీద ఈ రెంటిని వేరుపరచనివాడు మేలు చేయబోయి కీడు చేయును.

రాలిన ఆకు నేలకు కప్పు. పెద్ద వానచినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగముతో నేలను తాకును. వట్టినేలపై అది చిన్న గుండువలె పడి మట్టిరేణువులను ఎగురగొట్టును. ఆకు ఉన్నచోట ఆ దెబ్బ ఆకు తినును. ఆ పైన చెదలు, బూజు, సూక్ష్మజీవులు ఆకును తిని, దానిలోని సారమును నేలకు తిరిగి యిచ్చును. పడిపోయిన మ్రాను పురుగులకును బల్లులకును ఇల్లు. బాటప్రక్క పాతుకొనియున్న రాయి మట్టికి గోడ. వీనిని ఊడ్చుట, తొలగించుట, కాల్చుట తగదు. కనుకనే కొండబాట శుభ్రతకు చీపురు పనికిరాదు. చేతితో ఏరుటయే పద్ధతి. గండిలో చేరి నీటిని ఆపుచున్న ఆకులను మాత్రము తీసి, దిగువప్రక్కన పరచవలెను.

ముందుగా చేయవలసినవి

మొదటిది అనుమతి. 1967 నాటి అటవీచట్టము ననుసరించి రిజర్వు అడవిలో అనుమతి లేక ప్రవేశించుట నేరము. శుభ్రము చేయుటకు వచ్చితిమనుట దానికి సమాధానము కానేరదు. బాట అడవిశాఖదైనచో రేంజి అధికారిని, ఊరిదైనచో గ్రామపంచాయతీని, పట్టాభూమి గుండ పోవునదైనచో రైతును ముందుగ అడుగవలెను. ఈ అడుగుటలోనే మరియొక ప్రయోజనము కలదు. బాటపై నిత్యము నడచువాడు పశువులకాపరి, రైతు. ఏ గండి ఎప్పుడు పూడినదో, చెత్త ఏ మూలకు కొట్టుకొనిపోవునో వారికి తెలిసినంత మరొకరికి తెలియదు.

రెండవది, ముందు నడచి చూచుట. వారము ముందు ఇద్దరు ముగ్గురు బాటంతయు కాలినడకను పోయి, చెత్త ఎక్కువగానున్న చోట్లను, మూసికొన్న గండ్లను పటముపై గుర్తింపవలెను. ఎస్టోనియా దేశములో 2008 మే 3న సుమారు 50,000 మంది కలసి ఒక్క దినమున 10,000 టన్నుల చెత్త ఎత్తిరి. అది జనబలముచే మాత్రమే జరుగలేదు. ఆ దినమునకు ముందే పదివేలకు పైగా చెత్తకుప్పలను పటములో గుర్తించి యుండిరి. ఎవరు ఎక్కడికి పోవలెనో ముందే తెలియుటచేత ఎవరి కాలమును వృథా కాలేదు.

మూడవది, దినమును ఎన్నుకొనుట. తెలంగాణలో నైరుతి ఋతుపవనము సాధారణముగ జూన్ రెండవ వారమున ప్రవేశించును. చెత్త వాగులోనికి దిగునది అప్పుడే గనుక పని అంతకుముందు ముగియవలెను. ఏప్రిలు, మే నెలల ఎండ పనివారికి ప్రమాదము. వానకాలము వెళ్లిన వెంటనే గడ్డి ఎత్తుగానుండి చెత్తను దాచును. కావున గడ్డి ఎండి, ఎండ ముదరని ఫిబ్రవరి చివర, మార్చి మొదటి వారములు అనుకూలమైనవి. నేల తడిగానున్న దినమున పనిపెట్టరాదు. నలువదిమంది పాదములు తడిమట్టిని త్రొక్కినచో బండ్లు చేసిన చెరుపునే వారును చేసినవారగుదురు.

నాల్గవది, పని పంచుట. ఉదాహరణకు బాట 4 కిలోమీటర్లనుకొందము. దానిని 500 మీటర్ల చొప్పున ఎనిమిది ముక్కలు చేసి, ముక్కకు అయిదుగురిని నియమించినచో 40 మంది కావలెను. అయిదుగురిలో ఇద్దరు ఎడమప్రక్క, ఇద్దరు కుడిప్రక్క ఏరుదురు. అయిదవవాడు చిట్టా వ్రాయును. మనిషికి 3 లీటర్ల చొప్పున 120 లీటర్ల త్రాగునీరు కావలెను, అనగా 20 లీటర్ల డబ్బాలు ఆరు. దీనికై చిన్న సీసాలు కొన్నచో చెత్త ఏరవచ్చినవారే చెత్త తెచ్చినట్లగును. ఎవరి గ్లాసు వారు తెచ్చుకొనుట మేలు.

ఆనాటి పని

ప్రొద్దు పొడువగనే ఆరంభించి పది గంటలలోపున ముగింపవలెను. ప్రతి జట్టునకు నాలుగు గోనెసంచులు ఇచ్చి, ఏరుచున్నపుడే వేరుచేయించవలెను: ఒకటి ప్లాస్టిక్‌కు, ఒకటి గాజునకు, ఒకటి లోహమునకు, ఒకటి మిగిలినవానికి. వాడిన గోనెసంచులు టోకు బజారులలో సులభముగ దొరకును. పలుచని ప్లాస్టిక్ సంచివలె రాతికి తగిలి చినుగవు. అయినను పగిలిన గాజు గోనెనుకూడ చీల్చగలదు కనుక దానికి రేకుడబ్బా లోపల ఉంచవలెను. క్రిందికి పోయి ఒక్కసారిగ వేరుచేయుదమనుకొన్నచో ఆ పని ఎన్నడును జరుగదు. అలసినవాని చేయి అన్నింటిని ఒకే కుప్పలో పోయును.

తోలు చేతితొడుగులు, మూసిన బూట్లు లేనివారిని పనికి అనుమతింపరాదు. రాయి క్రింద, ఆకుల క్రింద నేరుగా చేయి పెట్టరాదు. ముందు కర్రతో కదిపి చూడవలెను. తేలు, పాము అచ్చటనే నీడకు చేరును. పాము కరచినచో గాటు పెట్టుట, నోటితో పీల్చుట, గట్టిగ కట్టు కట్టుట - మూడును హానికరములే. కరువబడిన వానిని కదలనీయక, ధైర్యము చెప్పి, 108 బండిని పిలిచి, విషమునకు విరుగుడు సూదిమందు గల ఆసుపత్రికి చేర్చుటయే చికిత్స. ఆ ఆసుపత్రి ఎక్కడనున్నదో ముందుదినముననే తెలిసికొనియుండవలెను.

టైర్ల విషయము ప్రత్యేకముగ చెప్పదగినది. మలుపుల వద్ద గుర్తుకొరకు పాత టైర్లను పాతిపెట్టుటయు, వరుసగా పేర్చుటయు బండ్లు నడుపువారి అలవాటు. టైరును ఏ ప్రక్కకు త్రిప్పినను దానిలో కొంత నీరు నిలుచును. డెంగీ జ్వరమును వ్యాపింపజేయు ఏడిస్ దోమకు అంతకంటె మంచి పురిటిగది లేదు. అది నీటి అంచుకు కొంచెము పైన గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు నీరెండినను నెలలతరబడి చావక, మరల నీరు తగిలిన వెంటనే పొదుగును. అనుకూల పరిస్థితులలో ఎనిమిది పది దినములలో దోమ ఎగురును. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది సికిందరాబాదులోనే. ఆ పరిశోధన జరిగిన నగరపు యువకులు కొండమీద దోమలకు తొట్లు అమర్చుట శోభింపదు. టైరులోని నీటిని పారబోసినంత మాత్రమున చాలదు. గ్రుడ్లు గోడకు అంటియుండును. టైరునే తీసికొనిపోవలెను.

ఏరినదానిని కాల్చుట ఎన్నడును పనికిరాదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఎండుటాకులు నిండిన అడవికి ఒక్క నిప్పురవ్వ చాలును. ప్లాస్టిక్ పొగ కాల్చినవాని ఊపిరితిత్తులకే మొదట చేరును.

కాటా, చిట్టా

క్రిందికి దిగిన ప్రతి సంచిని తూచవలెను. చేతికి వ్రేలాడదీయు చిన్న కాటా చాలును. అయితే బరువు ఒక్కటే చాలదు. గాజుసీసా బరువు హెచ్చు, సంఖ్య తక్కువ. నీటిపొట్లము బరువు లేనిది, సంఖ్య మిక్కుటము. కాబట్టి చిట్టాలో బరువుతోబాటు ఏ వస్తువు ఎన్ని, బాటలోని ఏ ముక్కలో దొరికినవి అనునది కూడ వ్రాయవలెను.

ఈ లెక్కకు విలువ యేమి? 1986లో అమెరికాలోని టెక్సాసు సముద్రతీరమున సుమారు 2,800 మంది స్వచ్ఛందముగ చేరి 124 టన్నుల చెత్త ఏరిరి. వారు ఏరుటతో ఊరకొనక, దొరికిన ప్రతి వస్తువును కార్డులపై వ్రాసిరి. ఆ కార్డులు చూడగా ఓడలనుండి సముద్రములోనికి విసరినవి అందులో ఎన్నియో కలవని తేలినది. ఓడలనుండి ప్లాస్టిక్ పారవేయుటను నిషేధించు అంతర్జాతీయ నియమము 1988 డిసెంబరు 31న అమలులోనికి వచ్చినది. తీరమున వంగి చెత్త ఏరినవానికి నడిసముద్రములోని ఓడను చూపినది ఆ కార్డే.

కొండబాటకును ఇదే వర్తించును. చిట్టాలో సగమునకు పైగా నీటిపొట్లములే తేలినచో బాట మొదట మంచినీటి తొట్టి పెట్టించుట ఉపాయము. తినుబండారముల కవర్లు ఒకే మలుపువద్ద ఎక్కువగ దొరికినచో అది జనము కూర్చుండి తిను చోటని తెలియును. ఆ చోట హెచ్చరికపలక పెట్టవలెను. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లెములు, గొట్టములవంటి ఒక్కసారి వాడి పారవేయు వస్తువుల అమ్మకము మనదేశమున 2022 జూలై 1 నుండి నిషిద్ధము. అవి దొరికినచో చెప్పవలసినది బాటకు కాదు, వానిని అమ్మిన అంగడికి. చిట్టా లేనిచో ప్రతి సంవత్సరము అదే చోట అదే కవరు ఏరుచుండవలసినదే.

తుదకు, సంచులు పోవు చోటు. దీనిని ముందుగ నిశ్చయింపక దినమును ప్రకటింపరాదు. గాజును, లోహమును, గట్టి ప్లాస్టిక్‌ను పాత సామానుల వర్తకుడు కొనును. మిగిలినదానిని తీసికొనుటకు పురపాలక సంఘముతోగాని పంచాయతీతోగాని మాటాడి, ఏ గంటకు బండి వచ్చునో వ్రాతమూలకముగ తెలిసికొనవలెను. చివరి సంచి బండిలో పడువరకు కనీసము అయిదుగురు కొండ పాదమున ఉండవలెను. దిగిన సంచులెన్నో, బండి కెక్కిన సంచులెన్నో చిట్టాలో సరిపోవలెను.

బజారులో గుమాస్తా ప్రొద్దుగ్రుంకగనే ఆనాటి లెక్క కట్టి చిట్టా మూయును. కొండబాట చిట్టాను మాత్రము ఆ సాయంకాలమే మూయరాదు. జూన్‌లో తొలివాన వెలిసిన మరుసటి ఉదయము ఇద్దరు కాలినడకను మరల ఆ బాటవెంట పోవలెను. గండ్లద్వారా నీరు ప్రక్క గడ్డిలోనికి మళ్లిన జాడలున్నవా? చాలులో క్రొత్తగా రాళ్లు తేలినవా? వాగులో చేరిన కవర్లు ఎన్ని? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసిన పిమ్మటనే ఆ దినపు లెక్క ముగిసినట్లు. నీరు బాట విడిచి గడ్డిలోనికి పోయినచో బాట శుభ్రపడినది. మూసీకి చేరవలసిన ముప్పది బస్తాల మట్టి కొండమీదనే నిలిచినది.